గునుగు పూలకు ఖాడీ రంగు

మా అపార్ట్‌మెంటు వెనక తోటలో పోయిన ఆదివారం ఒక శిబిరం పెట్టారు. పేరు ఋతుశుద్ధి. కాలం మారే వేళ పొద్దున్నే వచ్చి గడ్డి మీద కూర్చుని గాలి పీలిస్తే మనసులోని మురికంతా పోతుందట. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అసలు తెల్లబట్టలు కట్టుకుని, ఎవరో చెప్పినప్పుడు నవ్వి, ఎవరో చెప్పినప్పుడు కళ్లు మూసుకునే మనుషులను చూస్తేనే నాకు ఒళ్లుమంట. కోడలు వింటేగా. "అత్తమ్మా, ఒక్కసారి చలో నా. మోకాళ్లకు గూడ మంచిదట. నచ్చకపోతే వాపస్ వచ్చేద్దాం" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. పుట్టిందీ పెరిగిందీ సూరత్‌లోనే కాబట్టి ఆమె తెలుగు ఇలాగే ఉంటుంది.

శిబిరం నడిపినాయన హజీరా వైపు ఏదో పెద్ద ప్లాంటులో చేసి రిటైరయిన తెలుగాయన. కోస్తా మాట, మెత్తని గొంతు. "కళ్లు మూసుకోండమ్మా. వర్షాకాలం వెళ్లిపోతోంది. శరత్తు వస్తోంది. దాని పరిమళం లోపలికి తీసుకోండి. నెమ్మదిగా, ఇంకా లోపలికి" అన్నాడు.

తీసుకున్నాను. వెంటనే ముక్కు మూసుకున్నాను.

ఎందుకంటే ఆ తోట కింద ఖాడీ ఉంది. ఖాడీ అంటే ఇక్కడి మాటలో వాగు. మా చిన్నతనంలో అది బమ్రోలిలో మా గదుల వెనక నుంచి బాహాటంగా పారేది. బట్టలకు రంగులద్దే మిల్లుల నీళ్లన్నీ అందులోకే వచ్చేవి. మనుషుల మురికీ అందులోకే. తర్వాత ఎప్పుడో దాని మీద సిమెంటు పలకలు పరిచి, మట్టి పోసి, గడ్డి నాటి, బెంచీలు వేసి తోట అన్నారు. పైన గడ్డి వచ్చింది గాని కింద పారేది మారలేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ గాలే పీల్చి ఎంత హాయిగా ఉందో అన్నట్టు తలలాడిస్తున్నారు. నాకు ఆ వాసన ఎప్పటిదో బాగా తెలుసు. దానితో పాటే నాయినమ్మ చేతిగోళ్లు గుర్తొచ్చాయి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పన్నెండు గదుల వరస, రేకుల కప్పు, అందరికీ కలిపి ఒక్క నల్లా. మా నాన్న, బాపు, ఖటోదరాలో సాంచాలు నడిపేవాడు, అంటే కరెంటు మగ్గాలు. ఇంటికొచ్చేసరికి ఒంటినిండా మెషీను నూనె వాసన. అవ్వ, అంటే మా అమ్మ, వీధి చివర షెడ్డులో దారపు కండెలు చుట్టేది. ఇంట్లో ఏడాది నిండిన తమ్ముడు. వాడిని ఎత్తుకోవడానికని నన్ను బడి మాన్పించారు. వాడి ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉండేది. ఆ చీమిడి నా భుజం మీద ఎండి తెల్లగా అట్టకట్టేది. ఇప్పటికీ ఎవరైనా పసిపిల్లల వాసన ఎంత బాగుంటుందో అని మొదలుపెడితే నేను లేచి అవతలికి పోతాను.

ఆ వేసవిలో బాపు ఊరికి పోయి నాయినమ్మను తీసుకొచ్చాడు. తాత పోయి మూడేళ్లయింది, ఇంట్లో మగ్గం మీద కూర్చునేవాళ్లు లేరు. ఆమె రాగానే తమ్ముడు ఆమె ఒళ్లోకి, నేను బడికి. మునిసిపాలిటీ వాళ్ల తెలుగు బడి. చదువు మీద ప్రేమ అనుకోకండి. అక్కడ నా భుజం పొడిగా ఉండేది, అంతే. తర్వాత తర్వాత ఎక్కాలంటే రుచి పుట్టింది. ఏడో ఎక్కం వచ్చిన రోజు నన్ను నేనే మెచ్చుకుని నల్లా దగ్గర అందరికీ అప్పజెప్పాను.

నాయినమ్మ మాత్రం రిక్షా దిగుతూనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఏందిరా గిది, ఏదో సచ్చిన వాసనొస్తున్నది" అంది.

"ఖాడీ వాసన అవ్వా. రెండు దినాలైతే అలవాటైతది" అన్నాడు బాపు, తన తల్లితో.

"గిసొంటిదానికి అలవాటు వడేదానికంటె సచ్చుడు నయం."

ఆ కొంగు మళ్లీ తియ్యలేదు. అన్నం తినేటప్పుడు ఎడమచేత్తో ముక్కు దగ్గర పట్టుకునే తినేది. నల్లా నీళ్లు వాసన చూసి తాగేది. ఆకుకూర తెస్తే, గిది ఎక్కడి మడిల పెరిగిందో నాకెర్కలేదా అని పక్కకు నెట్టేది. ఆమె చెప్పేదాకా నాకు ఆ కంపు కంపని తెలియదు. ఆమె వచ్చాక నాకూ అన్నీ కంపు కొట్టడం మొదలుపెట్టాయి. వరసలో ఉన్న పాయిఖానాలు, బాపు చొక్కా, తమ్ముడి మెడ మడతలు, వీధి మొగలో రోజంతా అదే నూనెలో వేగే శనగపిండి ఫాఫ్డాలు. మా అవ్వ ఆమె ముందు ఏమీ అనేది కాదు గాని, ఆమె వాసన చూసిన చెంబును గట్టిగా పెట్టి చప్పుడు చేసేది.

కంపు ఒక్కటే కాదు, ఈ ఊరికి కాలాలు లేవన్నది నాయినమ్మ పెద్ద కోపం. "మగ్గం గుంటల కాళ్లు వెడితె తెలుస్తుండె. మన్ను చల్లవడ్డదంటె వానొస్తది. ఎండకాలం పోగు పుటుక్కున తెగుతది, వాన వడ్డంక సెప్పినట్టు ఇంటది. గీడ నీకు ఎండ లేదు, వాన లేదు. నా కొడుకు మిషిను ముందర నిలవడ్డడు, గది తిరుగుతనే ఉంటది" అనేది. కాలం మారినప్పుడు ఒంటికీ మనసుకూ పాతది పోయి కొత్తది రావాలట. ఇక్కడ తన లోపల వచ్చిన నాటి పాతదే కుళ్లుతోందని అనేది.

వానాకాలంలో ఖాడీ పొంగి వీధిలోకి వచ్చింది. మూడు రోజులు మోకాలి లోతు. అందులో తేలినవన్నీ చెప్పను, మీరు అన్నం తినాలి. నాయినమ్మ మంచం మీద కాళ్లు ముడుచుకుని తమ్ముడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నీళ్లు తీశాక గోడ మీద వంకాయరంగు గీత మిగిలింది. ఆ గీత చూసి ఆమె తేల్చి చెప్పింది. "బతుకమ్మ దాక సూస్త. సద్దుల నాడు పువ్వులు నీళ్లల్ల ఇడిసి, తెల్లారి నన్ను బండెక్కియ్యిండ్రి."

అవ్వ నన్ను నల్లా దగ్గరికి తీసుకుపోయి, గిన్నెలు తోముతూ నా మొహం చూడకుండా అంది. "ఆమె వోతె తమ్మున్ని మల్ల నువ్వే సూడాలె బిడ్డా. నేనేం జెయ్య."

నాకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. మళ్లీ ఆ చీమిడి, మళ్లీ ఆ గది. ఏడో ఎక్కం తర్వాత ఎనిమిదోది ఉంటుందని తెలిసి కూడా నేర్చుకోకుండా ఉండిపోవడం.

బతుకమ్మకు వారం ముందు నాయినమ్మ కొంచెం మెత్తబడి ఊరి కబుర్లు చెప్పింది. తాత పోయాక గౌరమ్మను ముట్టడం మానేసింది గాని పూలు పేర్చడంలో వాడకట్టు మొత్తంలో తనను మించినవాళ్లు లేరట. మాది నేతవాళ్ల ఇల్లు కనుక నూలుకు రంగులేసిన కుండల్లో అడుగున కొంచెం మిగిలేదట. తెల్లటి గునుగు పూలను కట్టలు కట్టి అందులో ముంచితే ఊళ్లో ఎవరి బతుకమ్మకూ లేని రంగులు మా బతుకమ్మకు ఉండేవట. "మిగిలిన రంగే. పారబోసే రంగే. గని గునుగుకు ఎక్కితె ఎట్ల మెరుస్తుండెనో" అని చెప్పి, "గీడ గునుగూ లేదు, రంగూ లేదు" అని మళ్లీ కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ మాట నా బుర్రలో నాటుకుంది. పారబోసే రంగు మాకు లేకపోవడమేమిటి? సూరత్‌లో ఉన్నదే అది.

బడి లేని రోజు తమ్ముడిని చంకనేసుకుని భేస్తాన్ వైపు రైలు కట్ట వెంట నడిచాను. గునుగు దొరికింది. కట్ట పక్కన జనం చెంబులు పట్టుకుని కూర్చునే చోటే గుబురుగా పెరిగింది. కాళ్లు ఎక్కడ పెడుతున్నానో చూసుకుంటూ, ముక్కు మూసుకోవడానికి మూడో చెయ్యి లేక నోటితో గాలి పీలుస్తూ చీర పేలిక నిండా కోశాను. తర్వాత ఖాడీ దగ్గర మిల్లు పైపు మూతికి పోయాను. దీపావళి చీరల కోసం మిల్లులన్నీ గులాబి రంగు వేస్తున్న రోజులవి. పైపులోంచి నీళ్లు ఆవిర్లు కక్కుతూ చిక్కటి గులాబి రంగులో పడుతున్నాయి. కుళ్లిన గుడ్డు వాసన. డాల్డా డబ్బాతో పట్టి గునుగు కట్టలన్నీ ముంచాను. నాలుగు సార్లు డోకొచ్చింది. తమ్ముడు మాత్రం కిలకిలా నవ్వాడు, వాడికి అంతా బాగానే ఉంది. రేకుల మీద ఆరబెట్టి, కంపు పోవడానికి అవ్వ పౌడరు డబ్బా మొత్తం వాటి మీద దులిపాను.

పూలు చూడగానే నాయినమ్మ కొంగు తీసేసింది. వచ్చిన నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె ముక్కు పూర్తిగా చూశాను. ముక్కుపుడక కుట్టు కొంచెం వంకరగా ఉంది.

"రంగెక్కడిదే?"

"మిల్లుల మిగిలింది నాయినమ్మా. బాపు దోస్తు ఇచ్చిండు."

సగం నిజమే. ఆమె ఆ సగమే విన్నది. కంపు ఊరంతా ఉన్నప్పుడు పూల కంపు వేరుగా ఎవరికి తెలుస్తుంది? ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, పొద్దున్నుంచీ కూర్చుని పేర్చింది. అడుగున గుమ్మడాకులు, ఒక వరస బంతి, ఒక వరస గులాబి గునుగు. నేతవాళ్లకు దారం తెంపడానికి కత్తెర అక్కర్లేదు, పళ్లున్నాయి. ప్రతి కట్టకూ దారం చుట్టి, కాడలు పళ్లతో పట్టుకుని, పుటుక్కున కొరికేది. మధ్యాహ్నానికి ఆమె అరచేతులు, గోళ్లు, పెదవులు గులాబి రంగుకు తిరిగాయి. పక్కగది ఆమె వచ్చి, "పాన్ తిన్నవా ఏంది పెద్దవ్వా" అని ఆటపట్టిస్తే నాయినమ్మ సిగ్గుపడి నవ్వింది. ఆ రంగు ఎక్కడిదో నాకొక్కదానికే తెలుసు. ఆమె దాన్ని నోట్లో పెట్టుకుంటోంది. చెప్పేద్దామనుకున్నాను. ఎనిమిదో ఎక్కం గుర్తొచ్చి చెప్పలేదు.

సాయంత్రం మా వరస ముందు ఖాళీలో పది బతుకమ్మలు పెట్టారు. అన్నింట్లోకి మాదే ఎత్తు. అవ్వ పసుపు గౌరమ్మను పైన పెట్టింది. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరిగారు. అవతల గుజరాతీ వాళ్లు గర్బా కోసం దీపం పెట్టిన కుండ చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. "గీళ్లు గూడ తిరుగుతున్నరేందే, నడుమ పువ్వుల్లేవు గని" అని నాయినమ్మ అరుగు మీద కూర్చుని ముచ్చటపడింది. అవ్వ నా వైపు చూసి కళ్లతోనే నవ్వింది. ఇక ఆమె పోదనుకున్నాం.

బతుకమ్మను అవ్వ నెత్తికెత్తుకోగానే చినుకులు మొదలయ్యాయి. వానాకాలం చివరి వాన. పెద్దదేమీ కాదు, పావుగంట. రంగు కరిగింది. తాంబాళం అంచు మీదుగా గులాబి నీళ్లు అవ్వ పాపిట్లోకి, నొసటి మీదికి, ముక్కు మీదికి కారాయి. పౌడరు కడుక్కుపోయింది. దాని కిందున్న వాసన లేచింది. ముందు నడిచేవాళ్లు ఆగారు. వెనకవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

పక్కగది ఆమె ముక్కు ఎగబీల్చి అంది. "గిది ఖాడీ వాసనే గదనే."

అందరూ అవ్వను చూశారు. అవ్వ నన్ను చూసింది. "ఖాడీలనే ముంచిన" అన్నాను. అబద్ధం చెప్పే ధైర్యం అప్పటికే అయిపోయింది.

నాయినమ్మ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. నాలుకతో పెదవి తడిమి చూసుకుంది. తర్వాత గోడ పట్టుకుని వంగి కక్కింది. ఒక మనిషి లోపలి నుంచి అంత వస్తుందని నేననుకోలేదు. నాలుగు నెలలుగా ఆమె మింగలేక మింగినదంతా వచ్చినట్టుంది. అవ్వ ఒక చేత్తో తాంబాళం పట్టుకుని రెండో చేత్తో నా చెంప మీద కొట్టింది. ఆ చెయ్యి కూడా గులాబి రంగే.

ఖాడీ పాడు నీళ్లని మా వరసవాళ్లు బతుకమ్మలను ఇనుప డ్రమ్ముల్లో నల్లా నీళ్లు నింపి అందులోనే విడిచేవాళ్లు. మా బతుకమ్మను డ్రమ్ము దగ్గరికి రానివ్వలేదు. "ఏమనుకోకు అక్కా, మా గౌరమ్మలు గూడ అండ్లనే ఉన్నయి" అన్నారు. తప్పు వాళ్లది కాదు. నేనైనా రానిచ్చేదాన్ని కాదు.

నాయినమ్మ మూతి తుడుచుకుని వచ్చి, అవ్వ నెత్తి మీది తాంబాళం దింపుకుంది. గౌరమ్మను తీసి అవ్వ చేతికిచ్చింది. తాత పోయాక ముట్టనిది ఆ రోజు ముట్టింది. తర్వాత ఒక్కతే ఖాడీ వైపు నడిచింది. నేను తమ్ముడిని ఎత్తుకుని వెనకాలే పోయాను. ఒడ్డున వంగి, "నీ రంగు నువ్వే తీస్కో" అని బతుకమ్మను విడిచింది. గులాబి నీళ్ల మీద గులాబి పూలు, కాసేపటికి ఏది ఏదో తెలియలేదు. నాయినమ్మ ఖాడీలోకి థూ అని ఉమ్మింది. ఆ వెంటనే, నీళ్లలో బతుకమ్మను విడిచిన చేతులు అలవాటు కొద్దీ వాటంతటవే పైకి లేచి దండం పెట్టాయి. ఏడిచినట్టు లేదు ఆమె మొహం. కక్కిన తర్వాత ఉండే తేట ఉంది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుంది. సబ్బు, బూడిద, చింతపండు, చివరికి స్టవ్వులో పోసే గాసునూనె. పెదవులు వదిలాయి గాని చేతులు వదలలేదు. తెల్లారి బాపు టికెట్ సంగతి ఎత్తితే కోపంగా అంది. "గీ చేతులతోని ఊళ్లెకెట్ల పోతరా? ఏమైందే అని అడిగితె ఏం జెప్పాలె, మోరీల చెయ్యి వెట్టిన అనాల్నా? రంగు పోనీ, పోత."

రంగు పోయేదాకా నాకు బడి ఉంది. నేను రోజూ ఆమె చేతులు చూసేదాన్ని. పది రోజులకు అరచేతులు తేటపడ్డాయి. గోళ్లలో మాత్రం మిగిలింది. అదీ వెలిసిపోతుంటే ఇక బడి ఎన్నాళ్లో లెక్క వేసుకున్నాను. మంచం కింద దాచిన డాల్డా డబ్బాలో అడుగున ఇంకా కొంచెం ఉంది. నాయినమ్మ మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు, ఊపిరి బిగబట్టుకుని, అగ్గిపుల్లతో ఆ రంగు ఆమె గోళ్ల అంచులకు రాశాను. చిన్నప్పుడు చేసిన పనులు తల్చుకుని అందరూ మురిసిపోతుంటారు. నాకు దీన్ని తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నన్ను నేను అసహ్యించుకుంటూనే మూడు సార్లు రాశాను.

దీపావళికి మిల్లులు మూశారు. పైపులు ఆగాయి. ఖాడీ రంగు లేక బూడిదలా పడుంది. డబ్బా ఎండిపోయింది. నాయినమ్మ గోళ్లు దాదాపు మామూలుగా అయ్యాయి. బాపును పిలిచి, వచ్చే ఆదివారానికి బండి చూడమంది.

మిల్లులు మళ్లీ తెరిచిన రోజు డబ్బా పట్టుకుని ఖాడీకి పరిగెత్తాను. పైపులోంచి ఎరుపు పడుతోంది. పెళ్లిచీరల ఎరుపు. గులాబి ఎక్కడా లేదు. ఇంకేం చెయ్యను, ఉన్నదే పట్టుకొచ్చాను. ఆ మధ్యాహ్నం అదే రాశాను.

నిద్ర లేచి నాయినమ్మ గోళ్లు చూసుకుంది. గులాబి అయిన గోళ్లు రాత్రికి రాత్రి తెల్లబడొచ్చు గాని పగటి కునుకులో ఎర్రబడవు. నేను పలక మీద ఏదో రాస్తున్నట్టు వంగి కూర్చున్నాను. ఆమె లేచి, బతుకమ్మ నాటి తర్వాత మొదటిసారి, ఖాడీ ఒడ్డుకు నడిచింది. తలుపు చాటు నుంచి చూశాను. నీళ్లను చూసింది. థూ అని ఉమ్మింది. దండం పెట్టింది. తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని మా అవ్వతో అంది.

"ఖాడీ ఎర్రవడ్డదే. పెండ్లిల్ల కాలమొచ్చినట్టున్నది. కాలం మారింది."

ఆదివారం బండి సంగతి మళ్లీ ఎత్తలేదు. మర్నాడు మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు రెండు చేతులూ నా వైపు చాపి, కళ్లు గట్టిగా మూసుకుని పడుకుంది. నేను డబ్బా తీసుకుపోయి ఖాడీలో పారేశాను.

ఆ తర్వాత ఆమె ఎనిమిదేళ్లు మాతోనే ఉంది. కంపు అలవాటయిందని మాత్రం ఎన్నడూ అనలేదు, కొంగు చివరిదాకా ముక్కు మీదే ఉంది. కానీ ఖాడీ రంగు మారినప్పుడల్లా పోయి ఉమ్మి, దండం పెట్టి, వచ్చి తలస్నానం చేసి, ఆ కాలానిది ఏదో ఒకటి వండేది. ఎండాకాలపు లేతరంగులు పారితే అంబలి, వరద వచ్చి రంగులన్నీ కొట్టుకుపోతే మక్కలు ఉడకబెట్టి గుడాలు. ఆ రోజు ఇంట్లో అందరి మీదా కోపం మాఫీ. ఆమె పోయేనాటికి నేను పది పాసయ్యాను. తర్వాత అలాంటి తెలుగు బడిలోనే పంతులమ్మనై, నా భుజం మీద చీమిడి ఎండినట్టే భుజాల మీద మచ్చలున్న ఆడపిల్లలకు ఎక్కాలు చెప్పాను.

"ఇప్పుడు కళ్లు తెరవండి. ఏమనిపించిందో ఒక్కొక్కరూ చెప్పండమ్మా" అన్నాడు శిబిరం ఆయన. ఒకామె చందనం వాసన వచ్చిందంది. ఇంకొకాయనకు కన్నీళ్లు వచ్చాయి. నా వంతు రాకముందే మోకాళ్లు పట్టుకుని లేచాను. తోట అంచున సిమెంటు పలకల మధ్య ఒక ఇనుప జాలీ ఉంది, దాని దగ్గరికి నడిచి వంగి చూశాను. కింద చీకట్లో పారుతోంది. చిక్కటి గులాబి.

థూ అని ఉమ్మాను. తర్వాత దండం పెట్టాను.

కోడలు పరుగున వచ్చింది. "ఏం చేస్తున్నరు అత్తమ్మా, సబ్ లోగ్ చూస్తున్నరు" అని గుసగుసగా కసిరింది.

"దీపావళి చీరలు మొదలైనయి" అన్నాను. "ఇంటికి పోదాం పా. తలస్నానం చెయ్యాలె."